జిల్లా పేజీలో ఓ అరపేజీ ఊళ్ళకి వదలండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను మహారాణిపేటలో ముప్పై ఎనిమిదేళ్ళు మెడికల్ షాపు నడిపినవాడిని. ఇప్పుడు షాపు మా అబ్బాయి చూసుకుంటున్నాడు, నేను పొద్దున్నే టీ తాగుతూ మీ పేపరు చదువుకుంటా, అదీ మొదటి పేజీ నుంచి కాదు, జిల్లా పేజీ నుంచి, పాత అలవాటు. ఈ మధ్య ఆ పేజీ అవ్వడానికి నాకు అయిదు నిమిషాలు కూడా పట్టట్లేదు. ఫలానా నాయకుడి పుట్టినరోజు కేక్ కటింగ్, ఫలానా వీధిలో రిబ్బన్ కటింగ్, కింద సగం పేజీ ఫ్లాట్ల యాడ్. కంప్లైంట్ చేద్దామని కాదు రాస్తున్నది (సరే, కొంచెం కంప్లైంటే). ఒక జర్మనీ పెద్దాయన గురించి చెప్పి, ఆ వంకన మిమ్మల్ని ఒకటి అడుగుదామని.

మా అమ్మాయి వాళ్ళు బెర్లిన్లో ఉంటారు, పోయినేడు వేసవిలో మేమిద్దరం వెళ్ళి మూడు నెలలు ఉన్నాం. మా మనవరాలు బడి కోసం ఏదో పద్యం బట్టీ పడుతూ ఇల్లంతా తిరిగేస్తోంది, ఏంట్రా అది అంటే మా అమ్మాయి అర్థం చెప్పింది. రిబ్బెక్ అనే ఊళ్ళో ఒక జమీందారు తాత, ఆయన తోటలో బేరిపళ్ళ చెట్టు, పళ్ళ కాలం రాగానే జేబుల్నిండా పళ్ళు పెట్టుకుని దారినపోయే పిల్లలకి పంచుతాడు. పోయేముందు నా గోతిలో ఒక బేరిపండు కూడా పెట్టండి అంటాడు. ఎందుకంటే కొడుకు పిసినారి అని తండ్రికి తెలుసు. అన్నట్టే కొడుకు తోటకి తాళం వేసేశాడు, కానీ మూడేళ్ళకి సమాధిలోంచి మొక్క వచ్చింది, చెట్టయింది, ఆకులు గలగలమంటూ పిల్లల్ని పిలవడం మొదలెట్టింది. నాకు భలే నచ్చిందేంటంటే ఆ తాత పిల్లలతో మాట్లాడేది పుస్తకాల జర్మన్లో కాదట, అచ్చం ఆ ఊరి యాసలోనట. అంటే మన దగ్గర అయితే "ఒరే గుంటడా, బేరిపండు కావాలేట్రా", "బుల్లీ, ఇలాగ్రా, నీకో పండెట్టేను" అన్నట్టు. జర్మనీ పిల్లలు బళ్ళో ఆ యాస మాటలు అలాగే నేర్చుకుని అప్పజెబుతారు, ఎవరూ దిద్దరు. మన పిల్లలు క్లాసులో "ఏటి" అంటే ఏమవుతుందో మీకు తెలుసు.

ఆ పద్యం 1889లో రాసినాయన పేరు థియోడర్ ఫోంటానె. పుట్టింది 1819లో, బెర్లిన్‌కి ఉత్తరాన నోయ్‌రుప్పిన్ అనే చిన్న ఊళ్ళో. తండ్రికి మందుల షాపు అని చెప్పగానే నేను లేచి కూర్చున్నా. తండ్రి మంచివాడే గానీ పేకాట పిచ్చి, అప్పులకి షాపు అమ్ముకుని 1827లో స్వీనెముండె అనే రేవు ఊరికి పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయాడు. అది ఇప్పుడు పోలండ్‌లో ఉంది. ఓడలూ, ఇసకా, నావికులూ, ఆ ఊళ్ళో గడిచిన చిన్నతనం గురించి ముసలితనంలో ఒక పుస్తకమే రాశాడు, అదెందుకు రాశాడంటే 1892లో మనిషి బాగా జబ్బుపడి ఏదీ రాయలేక కూర్చుంటే డాక్టరు గారు "చిన్నప్పటి సంగతులు రాయండి, తేరుకుంటారు" అన్నాడట. ప్రిస్క్రిప్షన్ అంటే అదీ.

ఆయన కూడా ఫార్మసీలోనే పని నేర్చుకున్నాడు, 1847లో పరీక్ష పాసయ్యాడు, తర్వాత బెర్లిన్లో బెథానియెన్ అనే ఆసుపత్రిలో మందుల గది చూసుకునేవాడు. ఆ గది ఇప్పటికీ ఉంది సార్, మా అల్లుడు తీసుకెళ్ళి చూపించాడు. చెక్క అల్మారాలు, చిన్న చిన్న సొరుగులు, వరసగా జాడీలు. నేను షాపు పెట్టకముందు కేజీహెచ్ డౌన్లో ఒక పెద్దాయన దగ్గర కాంపౌండర్‌గా ఉన్నా, ఆయన దగ్గర కూడా ఇలాగే సొరుగులు, పొడులు తూచే చిన్న త్రాసు, కాయితం పొట్లాలు కట్టడం. మా ఆవిడ పదండి పదండి అంటుంటే అక్కడే అరగంట నిలబడిపోయాను.

1849లో ఆయన ఆ పని వదిలేసి ఇక రాసుకునే బతుకుతానని బయటికొచ్చాడు. తర్వాతేడు పెళ్ళి. భార్య ఎమిలీ పడ్డ పాట్లు ఒక రకం కాదు, ఆయన కొట్టివేతలతో రాసిన కాయితాలన్నీ చేత్తో సాపు రాసింది ఆవిడే, ఇంట్లో డబ్బుల్లేవని కంగారు పడిందీ ఆవిడే. 1876లో కళల అకాడమీలో సెక్రటరీ ఉద్యోగం, జీతం, గౌరవం అన్నీ వస్తే కొన్ని నెలలకే ఇది నావల్ల కాదని రాజీనామా ఇచ్చేశాడు మహానుభావుడు. అప్పటికి వయసు యాభై ఆరు. మా ఇంట్లో అయితే పెద్ద యుద్ధం అయ్యేది, వాళ్ళింట్లో కూడా అయ్యిందట.

జర్నలిస్టుగా ఆయన్ని మరీ దేవుణ్ణి చెయ్యక్కర్లేదు. 1850లలో కొన్నేళ్ళు లండన్లో ఉండి అక్కడ్నుంచి వార్తలు రాశాడు, బాగానే ఉంది, కానీ తిరిగొచ్చి ఒక బెర్లిన్ పేపర్లో చేరాక బెర్లిన్లోనే కూర్చుని, ఇంగ్లీషు పేపర్లు ముందేసుకుని, లండన్ నుంచి రాస్తున్నట్టే వార్తలు వండాడు. మనవాళ్ళకి ఇది కొత్తేం కాదనుకోండి. పెద్దవయసులో రాసిన ఉత్తరాల్లో యూదుల మీద అన్న మాటలు కూడా చదవడానికి బాగోవు. ఇవన్నీ దాచకుండా అక్కడివాళ్ళే చెబుతారు.

నేను చెప్పాలనుకున్నది వేరే. 1858లో ఆయన స్కాట్లండ్ వెళ్ళాడు. ఒక చెరువు మధ్యలో పాత కోట, పడవలో వెళ్ళి చూసి తిరిగొస్తుంటే ఆయన కళ్ళముందు తన ఊరి దగ్గర రైన్స్‌బెర్గ్ చెరువూ, దాని ఒడ్డున కోటా మెదిలాయట. ఆరోజు రైన్స్‌బెర్గ్‌లో పడవలో తిరిగింది దీనికంటే తక్కువేం కాదే, మరి దాని గురించి ఎవరూ రాయరేం అనుకున్నాడు. మనకి ఇంట్లో ఏముందో పరాయి దేశం వెళ్తేగానీ తెలీదని, తర్వాత రాసిన పుస్తకం ముందుమాటలో మొదటి వాక్యమే అది. ఇక తిరిగొచ్చి తన ప్రాంతం తిరగడం మొదలెట్టాడు. ఆయన తిరిగిన బ్రాండెన్‌బుర్గ్ అంటే జర్మన్లే నవ్వుకునే ప్రాంతం, ఇసక నేల, పంటలు అంతంతమాత్రం, చూడ్డానికి ఏముంది అనేవాళ్ళు. బండి కట్టించుకుని ఊరూరా వెళ్ళి చర్చి ఫాదర్లని, బడిపంతుళ్ళని, జమీందార్లని కూర్చోబెట్టి అడిగేవాడు, ఈ సమాధి ఎవరిది, ఈ గోడ ఎందుకు కూలింది అని. అన్నీ నోట్‌బుక్కుల్లో రాసుకునేవాడు, అవి అరవై ఏడు ఇప్పటికీ బెర్లిన్ లైబ్రరీలో ఉన్నాయి. ముందు పేపర్లలో వ్యాసాలుగా వచ్చాయి, తర్వాత పుస్తకాలు, 1862 నుంచి 1889 దాకా అయిదు సంపుటాలు. గమనించండి సార్, ముందు పేపర్లలో.

నవలలంటారా, మొదటిది 1878లో, యాభై ఎనిమిదో ఏట. అక్కడ అందరూ చెప్పే ఎఫీ బ్రీస్ట్ అచ్చయింది 1895లో. 1898లో పోయాడు. ఆ లెక్కన నాలాంటి రిటైరైనవాళ్ళకి ఇంకా టైముంది.

మేం రిబ్బెక్ కూడా వెళ్ళాం. పాత బేరిచెట్టు 1911లో గాలివానకి పడిపోయింది, దాని మొద్దు చర్చిలో పెట్టారు. ఎండిపోయిన మొద్దు, నల్లగా, మన ఇళ్ళల్లో పొయ్యిలోకి కూడా పనికిరాదు అనేలా ఉంది. దానికోసం జనం కార్లేసుకుని వస్తున్నారు, చూసి బయటికొచ్చి బేరిపళ్ళ కేకు తింటున్నారు, మేమూ తిన్నాం. పేపర్లకి రాసుకుని బతికినాయన పద్యం ఒకటి ఒక ఊరికి ఇంత పని చేసి పెట్టింది. పుట్టిన ఊరైతే 1998 నుంచి పేరు ముందు ఆయన పేరే తగిలించుకుంది.

తిరిగొచ్చాక నాకు నిద్రపట్టక మా ఆవిడతో 900కే బస్సెక్కి భీమిలి వెళ్ళాను. డచ్చివాళ్ళ సమాధులున్నాయి కదా, పైకి కోసుగా లేచినవి, చిన్నప్పుడు స్కూలు వాళ్ళు తీసుకెళ్తే దాక్కునే ఆట ఆడాం తప్ప ఎవరివో తెలుసుకోలేదు. రాతి మీద అక్షరాలు వేలితో తడిమి చూశాను, నాచు పట్టి సగం పోయాయి. బయట సోడాబండి ఆయన్ని అడిగితే "ఎవులో తెల్లోల్లు బాబూ, మనకేటి తెలుస్తాది" అన్నాడు. పక్కనే గట్టు మీద వల బాగుచేసుకుంటున్న ఒక తాత మాత్రం తలెత్తి, వాళ్ళ తాత పడవలో సరుకు వేసుకుని లోపల నిలబడ్డ ఓడల దాకా వెళ్ళేవాడని, గోస్తనీ సముద్రంలో కలిసేచోట ఏ గాలికి పడవ ఎటు తిప్పాలో చెప్పడం మొదలెట్టాడు, గంటసేపు. విశాఖ హార్బరు 1933లో వచ్చింది, భీమిలి రేవు సంగతి ఆ తాత లాంటి వాళ్ళ నోట్లోనే మిగిలింది. అలమండ ఊరి పేరు ఎక్కడెక్కడివాళ్ళకో తెలిసిందంటే రచయిత పతంజలి గారు రాయబట్టే కదా, ఆయనా పత్రికాఫీసుల్లో పనిచేసినాయనే.

మా మేనల్లుడు కొన్నాళ్ళు ఒక పేపరుకి (మీది కాదు, ఏదో చెప్పను) కంట్రిబ్యూటర్‌గా చేశాడు. పద్మనాభం గురించి, 1794లో విజయనగరం రాజు విజయరామరాజు గారు కంపెనీ సైన్యంతో యుద్ధంలో పడిపోయిన చోటు గురించి, రెండు రోజులు తిరిగి మంచి ముక్క రాసిస్తే, "ఇది తర్వాత చూద్దాం, ముందు పండగ యాడ్ల టార్గెట్ ఎంతయింది" అన్నారట. ఆ ముక్క వాడి ఫోన్లోనే ఉంది. వాడు ఇప్పుడు మధురవాడలో ఫ్లాట్లు అమ్ముతున్నాడు, టార్గెట్లు అక్కడా ఉన్నాయి గానీ జీతం వస్తోంది.

అందుకే అడుగుతున్నా, వారానికి ఒక్కరోజు జిల్లా పేజీలో అరపేజీ వదలండి, ఒక కుర్రాడికి బస్సు ఛార్జీలు, భోజనం డబ్బులు ఇచ్చి పంపండి. కుమిలి, పాండ్రంగి, తోట్లకొండ కింద ఊళ్ళు, మన కురుపాం మార్కెట్ వెనక సందులు. మనుషులు మాట్లాడినట్టే రాయమనండి, "ఏటి"ని "ఏమి"గా దిద్దకండి. మొదటి వారం భీమిలికే పంపండి, ఆ తాత సాయంత్రాలు సమాధుల దగ్గర గట్టు మీదే ఉంటానన్నాడు, వయసెంత తాతా అంటే "ఎనబై నాలుగో, ఐదో" అన్నాడు.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
మహారాణిపేట, విశాఖపట్నం