నల్లమలలో ఫైర్ లైన్లు కాల్చే ముందు: అటవీ శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ అటవీ శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను నల్లమల అంచు ఊళ్లో పుట్టి పెరిగినవాణ్ని. చలికాలం రాగానే మీ సిబ్బంది ఫైర్ లైన్లు, అంటే వేసవిలో మంట పాకకుండా గడ్డి, ఆకు ముందే కాల్చి ఖాళీ చేసే పట్టీలు, కాల్చే పని మొదలుపెడతారు. ఆ పని ఆపమని అడగడానికి కాదు ఈ ఉత్తరం. ఎక్కడ, ఎప్పుడు, ఎన్నేళ్లకోసారి కాలుస్తున్నామో ఒక్కసారి చూడమని అడగడానికి.

పోయిన వేసవిలో ఒక చెంచు పెద్దాయనతో పాత వెదురు కూపులోకి, అంటే శాఖ నరికించిన అడవి ముక్కలోకి, వెళ్లాను. పైన నీడ లేదు. నడుమెత్తు బోద గడ్డి, మధ్యమధ్యలో లాంటానా అనే కలుపు పొద. కొద్ది రోజుల ముందే అందులో ఒక పక్క కాలింది. ఆయన గొంతుక్కూర్చుని చేత్తో బూడిద పక్కకు నెట్టాడు. తునికి మొదట్లోంచి లేత చిగురు లేస్తోంది. దాని పక్కనే జానెడు సారపప్పు మొక్క. ముట్టుకుంటే పుటుక్కున విరిగింది. శివరాత్రి లోపు కాలితే మంట రాలిన ఆకు మీదే పాకిపోతుందట, ఉగాది దాటాక అంటుకుంటే వేరు దాకా దిగుతుందట. "లాంటానా మాత్రం చావదు సారూ, మళ్లీ లేస్తది" అన్నాడు.

చెట్లు కొడితే ఎండ నేలకు తగులుతుంది. గడ్డి, లాంటానా కమ్ముకుంటాయి. ఎండాకాలానికి అదంతా వంటచెరుకే. టేకు, తునికి, మోదుగ కాలినా మొదలు నుంచి మళ్లీ చిగురిస్తాయి. గింజ మొలిచి, ఇంకా బెరడు ముదరని మొక్కలకు ఆ ధైర్యం లేదు. ఏటా అదే చోట మంట వస్తే అవి ఎప్పటికీ మాను కాలేవు. దూరం నుంచి అడవి పచ్చగానే కనిపిస్తుంది, కింద ఎదిగే తరంలో మాత్రం జాతులు తగ్గిపోతుంటాయి.

అలాగని నిప్పును పూర్తిగా ఆపేస్తే సరిపోతుందనీ నేను అనుకోను. కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో సోలిగలనే గిరిజనులు రాలిన ఆకును చిన్న చిన్న మంటలతో కాల్చేవారు. 1974లో అది అభయారణ్యమయ్యాక ఆ అలవాటు ఆగిపోయింది. ఆ తర్వాత లాంటానా కొండలంతా అల్లుకుంది. ఉసిరి చెట్లకు బదనికలు పట్టడానికి కూడా నిప్పు ఆపడమే కారణమని సోలిగలు అంటారు. మన చెంచులను ఈ విషయం ఎవరైనా అడిగారా?

తమిళనాడులోని ముదుమలైలో 1988 నుంచి 50 హెక్టార్లలో సెంటీమీటరు లావు దాటిన ప్రతి మొక్కకూ నంబరు వేసి లెక్క చూస్తున్నారు. మంట ఏ మొక్కను చంపింది, దేన్ని వదిలింది అనేది అలా తెలుస్తుంది. మనకు అంత పెద్ద ఏర్పాటు వెంటనే అక్కర్లేదు. ప్రతి రేంజిలో కొన్ని చోట్ల గజం పొడవు, గజం వెడల్పు గళ్లు గీసి, కాల్చే ముందొకసారి, తొలకరి తర్వాత ఒకసారి అందులో మొలిచినవి రాయించండి. చెట్లే కాదు, నేలవేము, నన్నారి, తినే గడ్డల తీగలు కూడా. ఏ చోటు ఏ ఏడు కాలిందో రికార్డు ఉంచి, మళ్లీ వెంటనే అక్కడ నిప్పు పెట్టకుండా చూడండి. కొత్త వర్కింగ్ ప్లానుల్లో, అంటే అడవిని ఎలా నడపాలో చెప్పే శాఖ ప్రణాళికల్లో, కూపు కొట్టిన చోట మొక్క ఎదిగేదాకా మంట రానివ్వకూడదన్న నియమం పెట్టండి.

ఈ లెక్క చెంచు పెంటల్లోని (గూడేల్లోని) మనుషులతోనే చేయించండి. అడవిని కాపాడి నడుపుకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టమే గ్రామసభలకు ఇచ్చింది. మంటలు ఆర్పడానికి రాత్రంతా తిరిగే ఫైర్ వాచర్లలో కూడా చాలామంది వాళ్లే. వాళ్ల కూలి ఏ నెలకు ఆ నెల చేతికందేలా ఈ సీజను మొదలవకముందే ఉత్తర్వు ఇవ్వండి.

ఇట్లు,
నల్లమల అంచు గ్రామవాసి