చిన్న కట్టలకూ ప్రమాద స్థాయి తేల్చాలి

సంపాదకులకు నమస్కారం.

వానాకాలం వస్తే పత్రికల్లో పెద్ద ప్రాజెక్టుల గేట్లు, ఇన్‌ఫ్లోల వార్తలు రోజూ వస్తాయి. చిన్న కట్టల ఊసు మాత్రం గండి పడ్డాకే. అందులోనూ ప్రైవేటు స్థలాల్లోని కట్టల్ని అడిగేవారే ఉండరు.

హవాయిలోని కవాయి దీవిలో కా లోకో జలాశయం 1890లో చెరకు తోటల కోసం కట్టిన మట్టికట్ట. తర్వాత ప్రైవేటు యజమానుల చేతుల్లోకి వెళ్లింది. వారాల తరబడి వానలు కురిసి 2006 మార్చి 14 తెల్లవారుజామున తెగిపోయింది. ఏడుగురు చనిపోయారు. అప్పటికి రికార్డుల్లో దాని రేటింగ్ 'తక్కువ ప్రమాదం'! నీళ్లు పొంగితే బయటికి పోవాల్సిన మత్తడిని పూడ్చేసిన ఆనవాళ్లు విచారణలో బయటపడ్డాయి. ప్రభుత్వ తనిఖీ సరిగా జరగలేదనీ తేలింది. యజమానికి 2014లో ఏడు నెలల జైలుశిక్ష పడింది. కెన్యాలోని సొలాయ్‌లో 2018 మేలో ఒక ప్రైవేటు వ్యవసాయ క్షేత్రం డ్యాం తెగి నలభై మందికి పైగా బలయ్యారు. దానికి అనుమతే లేదని అక్కడి అధికారులు ఆ తర్వాత చెప్పారు.

ప్రమాద రేటింగ్ అంటే కట్ట ఎంత గట్టిగా ఉందన్న లెక్క కాదు. తెగితే కింద ఎవరికి, ఎంత నష్టం అన్న లెక్క. కట్ట దిగువన పొలాలున్నప్పుడు ఇచ్చిన రేటింగ్, అక్కడ కాలనీ వచ్చాక చెల్లదు. మన ఊళ్లలో చెరువు కిందే ప్లాట్లు వేస్తున్నాం, ఇళ్ల స్థలాలు ఇస్తున్నాం. రేటింగ్ గురించి ఎవరూ ఆలోచించరు.

2021 డ్యాం భద్రత చట్టం ప్రైవేటు డ్యాంలకూ వర్తిస్తుంది, మంచిదే. కానీ అది 15 మీటర్లు దాటిన కట్టలకు, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉండి నిల్వ, పొడవు లాంటి కొన్ని షరతులకు సరిపోయే వాటికి మాత్రమే. పది మీటర్లలోపు కట్టలు దాని పరిధిలోకి రావు. మన చెరువులు, కుంటలు చాలావరకు అవే. 2024 జూలైలో అశ్వారావుపేట మండలంలో పెద్దవాగు కట్ట తెగి పొలాల్లో ఇసుక మేటలు వేసింది. ప్రభుత్వ ప్రాజెక్టుకే ఆ గతి పడితే, ఏ ఇంజినీరూ చూడని ప్రైవేటు కట్టల సంగతేమిటి?

తనిఖీ అంటే ఖర్చని రైతులు భయపడతారు. ఆ భయం న్యాయమైనదే. అందుకే అన్నింటికీ ఒకే పద్ధతి వద్దు. కింద చేలు మాత్రమే ఉంటే కొన్నేళ్లకోసారి చూస్తే చాలు. ఇళ్లు, బడి, అంగన్‌వాడీ ఉంటే మాత్రం ఏటా వానలకు ముందే మత్తడి, తూము, కట్ట మీద చెట్ల వేళ్లు, కింద ఊటలు చూడాలి. చిన్న రైతుకు ఆ తనిఖీ ఉచితంగా చేయాలి. ఫ్యాక్టరీలు, ఎస్టేట్లు అయితే సొంత ఖర్చుతోనే చేయించాలి.

ఉభయ రాష్ట్రాల నీటిపారుదల శాఖలు వచ్చే జూన్ లోపు మండలాలవారీగా ఈ కట్టల జాబితా తయారు చేయాలి. కట్ట ఎవరిది, ప్రమాద స్థాయి ఎంత, చివరిసారి తనిఖీ ఎప్పుడు, గండి పడేలా ఉంటే ఎవరికి ఫోన్ చేయాలి అన్న వివరాలతో కట్ట మీదా, దిగువ ఊరి పంచాయతీ ఆఫీసులోనూ బోర్డు పెట్టాలి.

— ఒక పాఠకుడు, ఖమ్మం జిల్లా