జిల్లా వ్యవసాయ అధికారి గారికి బహిరంగ లేఖ: ప్రాణమున్న జీవన ఎరువులే ఇప్పించండి

గౌరవనీయులైన అధికారి గారికి,

నమస్కారాలు. వరి నాట్లప్పుడు మాకు ఇచ్చిన అజోస్పైరిల్లం అనే జీవన ఎరువు ప్యాకెట్ల గురించి మీ కార్యాలయంలో వినతిపత్రాలు ఇచ్చాం. జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందూ రాస్తున్నాను.

ఆ పొడిలో ఉండాల్సింది బతికున్న బ్యాక్టీరియా. నారు వేళ్లను ఆ పొడి కలిపిన నీళ్లలో ముంచి నాటితే అవి వేళ్లను అంటుకుంటాయి. పిల్లవేళ్లు చీల్చుకొచ్చే సందుల్లోంచి కొన్ని లోపలికీ చేరతాయి. గాలిలోని నత్రజనిని పైరుకు పనికొచ్చేలా మారుస్తాయి, వేరు పెరగడానికి తోడ్పడతాయి. యూరియా మానేయొచ్చని నేననను. కానీ చెప్పులు వరసలో పెట్టి యూరియా కోసం కాచుకునే రైతుకు ఒక్క బస్తా తగ్గినా ఎంత ఊరటో మీకు తెలుసు.

మాకు అందిన సరుకు రేకుల షెడ్డులో, పురుగుమందుల డబ్బాల పక్కన ఎండకు మగ్గింది. ప్యాకెట్ కోస్తే బ్యాక్టీరియా బతకడానికి కావాల్సిన తడే లేదు, గట్టి గడ్డ. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం గ్రాముకు కనీసం 5 కోట్ల జీవకణాలుండాలి. వాటిని ఎవరు లెక్కపెట్టారు? మా పక్క చేను కౌలురైతు ఆ ప్యాకెట్‌ను నమ్మి మొదటి దఫా యూరియా తగ్గించాడు. పిలకల దశలో పైరు పాలిపోయింది. వడ్డీకి తెచ్చి ఎరువు కొన్నాడు. కౌలు మాత్రం తగ్గలేదు.

గోదాముల్లోని నిల్వల నుంచి వెంటనే నమూనాలు తీసి ల్యాబ్‌కు పంపండి. ఫలితాలను ఊళ్లో నోటీసు బోర్డుపై పెట్టించండి. వచ్చే నాట్లకు ముందే, చల్లని చోట ఉంచిన, గడువున్న సరుకు ఇప్పించండి. నష్టపోయిన కౌలురైతులకు పరిహారం సిఫార్సు చేయండి. రాతపూర్వక జవాబు కోరుతున్నాను.

ఇట్లు,
ఒక వరి రైతు