హాలోవీన్ సంచిలో చాక్లెట్టే వేయాలా?

సంపాదకులకు నమస్కారం.

పాశ్చాత్యుల పండుగ హాలోవీన్ నాడు, అంటే అక్టోబరు 31వ తేదీ సాయంత్రం, వేషాలు కట్టిన పిల్లలు ‘ట్రిక్ ఆర్ ట్రీట్’ (మిఠాయి పెడతారా, అల్లరి చేయమంటారా) అంటూ తలుపులు తట్టడం మన విశాఖపట్నంలో మధురవాడ వంటి చోట్ల కొన్ని అపార్ట్‌మెంట్లలో అలవాటుగా మారింది. ఇది మన పండుగ అవునా కాదా అన్న వాదనలోకి నేను వెళ్లదలచుకోలేదు. పిల్లలు గుంపుగా ఇల్లిల్లూ తిరగడం మనకు కొత్త కాదు. దసరా రోజుల్లో పూలబాణాలు పట్టుకుని, పద్యాలు పాడుతూ అయ్యవారి వెంట వచ్చే బడిపిల్లలకు పప్పుబెల్లాలు పెట్టి పంపడం మన పెద్దవాళ్లు ఎరిగినదే. నేను కోరేది ఒక్కటే: ఆ సాయంత్రం మన గుమ్మంలోకి వచ్చే ప్రతి పిల్లా, పిల్లవాడూ నిజంగా తన దగ్గర ఉంచుకోగలిగినదేదో ఒకటి ఇచ్చి పంపుదాం.

మా అపార్ట్‌మెంటులో పాలు పడని పిల్లవాడొకడు ఉన్నాడు. అందరితోపాటు ఉత్సాహంగా తలుపులన్నీ తట్టి, ఇంటికి వెళ్లాక సంచిలోని వాటిలో చాలావరకు తీసి తల్లి చేతిలో పెట్టేయవలసి వస్తుంది. పాలు, గోధుమ, సోయా, వేరుశనగ వంటి పడని పదార్థాలు ఉంటే ఆ సంగతి పొట్లం మీద ముద్రించాలని మన ఆహార భద్రతా నిబంధనలు చెబుతున్నాయి గానీ, మనం పెద్ద ప్యాకెట్టు విప్పి చిన్న చిన్న కవర్లలో సర్ది పంచేటప్పుడు ఆ సమాచారమంతా చెత్తబుట్టలోకే పోతుంది. టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లల ఇబ్బంది మరొక రకం. వాళ్లు ఒక్క మిఠాయి తినాలన్నా అందులోని పిండిపదార్థాన్ని లెక్కగట్టి, దానికి తగ్గట్టు ఇన్సులిన్ తీసుకోవలసి రావచ్చు. ఆ లెక్క పక్కింటి గుమ్మంలో నిలబడి తేలేది కాదు.

అమెరికాలో ఈ ఇబ్బందికి ఒక చక్కని మార్గం కనిపెట్టారు. టెన్నెసీ రాష్ట్రంలో 2012లో స్థానికంగా మొదలైన ఆలోచనను 2014లో ఫుడ్ అలర్జీ రీసెర్చ్ అండ్ ఎడ్యుకేషన్ అనే సంస్థ దేశవ్యాప్తంగా ప్రచారంలోకి తెచ్చింది. తినుబండారాలు కాని బహుమతులు కూడా ఉంచిన ఇంటివారు, నీలం, ఆకుపచ్చ కలిసిన రంగు వేసిన గుమ్మడికాయను గుమ్మం ముందు పెడతారు. అది చూసి, పడని పదార్థాలున్న పిల్లల తల్లిదండ్రులు ధైర్యంగా ఆ తలుపు తట్టిస్తారు. మనకు గుమ్మడికాయతో కూడా పని లేదు, ఆ రంగు కాగితం ఒకటి తలుపుకు అంటిస్తే సరిపోతుంది.

ఏ జబ్బూ లేని పిల్లలకు కూడా ఇది మేలే. రోజూ ఆహారం నుంచి అందే శక్తిలో (కేలరీలలో), పండ్లు, కూరగాయలు, పాలలో సహజంగా ఉండేవి కాక మిగతా చక్కెరల వాటా పది శాతం లోపే ఉండాలని, ఐదు శాతం లోపు ఉంటే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. పిల్లలు తినే చక్కెర గురించి తెలియజెప్పే ‘షుగర్ బోర్డులు’ పెట్టమని సి.బి.ఎస్.ఇ. 2025లో తన పాఠశాలలను ఆదేశించింది. పైగా హాలోవీన్ వచ్చేది దీపావళికి అటో ఇటో, ఇంట్లో స్వీట్ల డబ్బాలు ఎలాగూ నిండి ఉండే రోజుల్లో.

మరి ఏమిద్దాం? పెన్సిళ్లు, రబ్బర్లు, స్టిక్కర్లు, బొమ్మలకు రంగులు వేసుకునే చిన్న పుస్తకాలు ఏ వీధి దుకాణంలోనైనా దొరుకుతాయి. అయితే విశాఖవాసులమైన మనకు వీటన్నిటికంటే మంచి వస్తువు చేరువలోనే ఉంది. పొరుగున అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె (తిప్పుతూ చెక్కే సాధనం) పట్టి, లక్క పూసి చేసే బొంగరాలు, లక్కపిడతలు పిల్లల చేతికి ఎంత ఇంపుగా ఉంటాయో ఆడుకున్నవారికి తెలుసు. గింజలు, వేళ్లు, బెరడు, ఆకుల నుంచి తీసిన సహజ రంగులను అక్కడి కళాకారులు పట్టుబట్టి మళ్లీ వాడుకలోకి తెచ్చారు. ఆ బొమ్మలకు, ఫలానా ఊరి ప్రత్యేక వస్తువని తెలిపే భౌగోళిక గుర్తింపు (జి.ఐ.) లభించింది, ఆ కళను నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ పురస్కారం దక్కింది. చాక్లెట్టు ఆ రాత్రికే అయిపోతుంది, బొంగరం ఏడాదంతా తిరుగుతుంది. ఒక్కొక్క కుటుంబం విడిగా కొనడం కంటే అపార్ట్‌మెంటు మొత్తానికి కలిపి ముందుగానే తయారీదారులకు చెప్పి చేయించుకుంటే ఖర్చు కలిసివస్తుంది, వారికీ పని దొరుకుతుంది. సహజ రంగులు వేసినవేనా అని అడిగి తీసుకోవడం మాత్రం మరవకూడదు.

ప్లాస్టిక్ బొమ్మలే కొనదలచినవారు ఐ.ఎస్.ఐ. గుర్తు చూసుకోవాలి. బొమ్మలకు ఆ గుర్తును 2021 జనవరి నుంచి కేంద్రం తప్పనిసరి చేసింది. ప్రభుత్వం దగ్గర నమోదైన చేతివృత్తులవారు చేసే వాటికి, భౌగోళిక గుర్తింపు ఉన్న వాటికి మినహాయింపు ఉంది. బొత్తాం బ్యాటరీతో వెలిగే చవక ఉంగరాలు, గోళీలంత బంతులు, ఊదని బెలూన్లు చిన్నపిల్లలు ఉన్న ఇంటికి వెళ్లకూడని వస్తువులు. బ్యాటరీ మింగితే కొద్ది గంటల్లోనే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది, బంతి, బెలూను గొంతుకు అడ్డుపడతాయి. మూడేళ్ల లోపు పిల్లల కోసం లావుపాటి రంగు క్రేయాన్లో, అట్టపుటల బొమ్మల పుస్తకమో వేరుగా ఉంచాలి.

చాక్లెట్లు మానేయమని నేను ఎవరినీ అనడం లేదు. రెండో గిన్నె ఒకటి పక్కన పెట్టి, ఏది కావాలో పిల్లలనే ఎంచుకోనివ్వమంటున్నాను. వేడుక జరిపే అపార్ట్‌మెంటు కమిటీలు అక్టోబరు మొదటి వారంలోనే నివాసితుల వాట్సాప్ గ్రూపులో ఈ విషయం ప్రస్తావించి, ఏ పిల్లలకు ఏ పదార్థం పడదో తల్లిదండ్రులు చెప్పదలచుకుంటే తెలుసుకుని, వస్తువులు సకాలంలో తెప్పించవలసిందిగా మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
మధురవాడ, విశాఖపట్నం.