సకినాలు ఎవరు చుట్టాలి?

ఎడిటర్ గారికి నమస్కారం.

సంక్రాంతికి ఇంట్లో సకినాలు చుట్టేవాళ్ళు తగ్గిపోయారని, అందరూ దుకాణాల మీద పడ్డారని బాధపడుతూ ఒక పాఠకుడు రాసిన ఉత్తరం పోయిన వారం మీ పేపర్లో చదివాను. ఆయన చెప్పింది నిజమే. కానీ ఉత్తరం రెండుసార్లు చదివినా, ఆయన జీవితంలో ఒక్క సకినమైనా చుట్టినట్టు ఎక్కడా కనిపించలేదు. రెండేళ్ళ కిందటి దాకా నా సంగతీ అంతే, అందుకే కోపంతో రాయడం లేదు.

నేను ఆర్టీసీలో 31 ఏళ్ళు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. హనుమకొండలో ఉంటాం. సంక్రాంతి అంటే మాకు స్పెషల్ బస్సులు, డబుల్ డ్యూటీలు. ఉప్పల్ నుంచి వచ్చేటప్పుడు కాలు పెట్టడానికి సందు ఉండేది కాదు. పండుగ వెళ్ళాక తిరుగు బస్సులో ప్రతి ఒడిలో ఒక డబ్బా. "అమ్మా, సంచి పైన పెట్టు" అంటే "వద్దు బిడ్డా, సకినాలున్నయ్, ఇరుగుతయ్" అనేవాళ్ళు. జనగామ దాటేలోపు ఎవరో ఒకరు నా చేతిలో రెండు పెట్టేవాళ్ళు. అట్లా ఎన్ని ఊళ్ళ సకినాలు తిన్నానో లెక్క లేదు. ఉప్పు ఎక్కువైందనో, నువ్వులు తక్కువైనయనో పేర్లు కూడా పెట్టేవాణ్ణి.

మాది పరకాల దగ్గర పల్లె. చిన్నప్పుడు మా అమ్మ కొత్త బియ్యం రాత్రి నానబోసి, తెల్లారి నీళ్ళు వంచి, బట్ట మీద ఆరబోసేది. తడి పూర్తిగా పోకముందే రోట్లో దంచాలి. రోకలి మీద ఇద్దరు, జల్లెడ దగ్గర ఒకరు. తరువాత గిర్ని వచ్చింది, దంచుడు పోయింది, గిర్ని ముందు లైను మొదలైంది. పిండిలో ఉప్పు, వాము, నువ్వులు కలిపి, ముందు ఆ పిండితోనే గౌరమ్మను చేసి పసుపు కుంకుమ పెట్టేది. అప్పుడు వాడకట్టు ఆడవాళ్ళంతా పాత దోతుల చుట్టూ కూర్చునేవాళ్ళు. ఇయ్యాల మా ఇంట్ల, రేపు మీ ఇంట్ల. నాట్లకు బదులు పోయినట్టే సకినాలకూ బదులు. మగవాళ్ళం ఏం చేసేవాళ్ళం అంటారా? కట్టెలు కొట్టి ఇచ్చి, అరుగు మీద కూర్చుని, మొదటి వాయి ఎప్పుడు దిగుతుందా అని వాసన చూసేవాళ్ళం.

రెండేళ్ళ కింద డిసెంబరు చివర్లో మా ఇంటామె బాత్రూంలో జారిపడి కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు తీయొద్దన్నారు. అదే ఏడు ఎండాకాలం మా చిన్నబిడ్డ పెళ్ళి చేశాం. మొదటి సంక్రాంతి, జగిత్యాలలో వియ్యాలవారికి సకినాలు పంపకపోతే ఎట్లా? కొని పంపుదామన్నాను. ఆమె ఏమీ అనలేదు. కట్టు ఉన్న చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు చూసింది, అంతే.

సరిగ్గా అప్పుడే పెద్దబిడ్డ అమెరికాలోని శాన్ ఆంటోనియో నుంచి వీడియో కాల్ చేసింది. పక్కింటి మెక్సికో వాళ్ళింట్లో ఉంది. క్రిస్మస్‌కు వాళ్ళు తమాలేలు చేసుకుంటారు. మక్కలను సున్నపు నీళ్ళలో ఉడికించి, కడిగి రుబ్బి, ఆ పిండిలో కొవ్వు కలిపి మెత్తగా చేస్తారు. సున్నంలో ఉడికితేనే పైపొట్టు ఊడి పిండి ముద్ద కడుతుందట, మక్కల్లో ఉండే ఒక విటమిన్ ఒంటికి పట్టేది కూడా అప్పుడేనట. మనకు సున్నం తమలపాకు దాకే తెలుసు. కంకి మీది ఎండు ఆకులను నీళ్ళలో నానబెట్టి, ఒక్కో ఆకు మీద పిండి పూసి, మధ్యలో ఎర్ర మిరపకాయలతో వండిన పంది మాంసం పెట్టి, మడిచి, పెద్ద గిన్నెలో నిలబెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. మాంసం తినని మా బిడ్డ కోసం చీజు, పచ్చిమిర్చి పెట్టి కొన్ని వేరే చేశారు. గిన్నె అడుగున నీళ్ళలో ఒక నాణెం వేస్తారట. నీళ్ళున్నంతసేపు అది గలగలమంటుంది, చప్పుడు ఆగిందంటే నీళ్ళు అయిపోయాయని. ఈ ఉపాయం నాకు తెగ నచ్చింది, చిల్లరతో బతికినవాణ్ణి కదా!

ఫోన్లో నేను చూసింది ఇంకొకటి. బల్ల చుట్టూ పది పన్నెండు మంది. నా ఈడు పెద్దమనిషి ఒకాయన చెంచాతో ఆకు మీద పిండి పూస్తున్నాడు. పక్కన ముసలామె ఆయన చేతిలోని ఆకు లాక్కుని, మందం ఎక్కువైందని మళ్ళీ చేయిస్తోంది. ఆయన నవ్వుతూ ఇంకో ఆకు తీసుకున్నాడు. "అక్కడ మగవాళ్ళంతా ఇట్లనే చేస్తరా బిడ్డా?" అని అడిగాను. "ఏం లేదు నాన్నా, చానామంది తినేటప్పుడే వస్తరు. ఈ అంకుల్ నయం" అంది.

నేను ఫోన్ పెట్టేసి నాలుగు కిలోల బియ్యం నానబోశాను.

మరునాడు పక్కింటి రిటైర్డు మాస్టారు, కింది వాటాలో ఉండే ఇంజనీరింగ్ అబ్బాయి, మా బామ్మర్ది, నేను, నలుగురం కూర్చున్నాం. ఇంటామె కుర్చీలో కూర్చుని ఎడమ చేత్తో చూపిస్తూ "ఒత్తకు, తిప్పు. బొటనవేలుతోని తిప్పాలె" అంటూ నడిపించింది. పిండి గట్టిగా ఉంటే చుట్టు తెగుతుంది, పలచనైతే బట్ట మీద పరుచుకుపోతుంది. నా మొదటి సకినం మూడు చోట్ల తెగింది. మాస్టారివి సకినాలో జిలేబీలో ఆయనకే తెలియలేదు. ముప్పై సకినాలు దాటాక నడుము పట్టేసింది. ఇంతకాలం ఈమె ఈ నొప్పి మాట ఎప్పుడైనా ఎత్తిందా, నేనే వినలేదా అని ఆలోచించాను. బహుశా రెండోదే.

తప్పు కూడా చేశాం. ఆకలవుతుందని తొందరపడి, బట్ట తడి పీల్చుకోకముందే తీసి నూనెలో వేశాం. పైన గట్టిపడి లోపలి తడి ఆవిరై పోవడానికి దారి లేక రెండు సకినాలు టపాకాయల్లా పేలాయి. నూనె చిటికెలు బామ్మర్ది మోచేతి మీద పడ్డాయి. ఆ తరువాత అరగంట ఆగి, ఆరినవి పళ్ళెం మీద నుంచి మెల్లగా జార్చాం. సాయంత్రానికి డబ్బా నిండింది. వంకరటింకరవి మాకు, గుండ్రంగా వచ్చినవి జగిత్యాలకు. వియ్యపురాలు ఫోన్ చేసి "ఈసారి సకినాలు మొగోళ్ళు చేసినట్టున్నయి" అని నవ్విందట. ఎట్లా కనిపెట్టిందో ఇప్పటికీ చెప్పలేదు.

దుకాణాల సంగతి కూడా ఒక మాట. కొనుక్కునేవాళ్ళను నేను తప్పుపట్టను. ఉద్యోగం చేసి వచ్చిన ఆమెను పండుగ పేరుతో నేల మీద కూర్చోబెట్టడం కంటే కొనడమే మేలు. కానీ నేను చూసిన దుకాణాల వెనక షెడ్లలో కూడా సకినాలు చుట్టేది ఆడవాళ్ళే, రోజు కూలికి. మన ఇంటి నడుము నొప్పిని ఇంకొకరి నడుముకు మార్చి, పైగా "చేతి రుచి పోయింది" అని పేపరుకు ఉత్తరాలు రాస్తున్నాం.

ఇక మీకు నా విన్నపం. ప్రతి జనవరిలో మీ పండుగ పేజీలో సకినాలు, గరిజెలు, అరిసెల తయారీ వేస్తారు. ఫోటోలో చీర కట్టుకున్న అమ్మాయి, పైన "గృహిణుల కోసం" అని శీర్షిక. ఆ శీర్షిక చూడగానే మగవాళ్ళు పేజీ తిప్పేసి సినిమా వార్తలకు పోతారు. నేనూ 31 ఏళ్ళు అట్లనే తిప్పాను. ఈసారి ఆ శీర్షిక తీసేయండి. వీలైతే పంచె కట్టుకుని పిండి తిప్పుతున్న ఎవరైనా పెద్దమనిషి ఫోటో వేయండి. దొరక్కపోతే మా మాస్టారున్నారు, ఆయనకు ఫోటో అంటే ఇష్టం.

ఈ ఏడు ఇంటామె చెయ్యి బాగైంది, కానీ ఆమె కుర్చీ మాత్రం దిగనంటోంది. భోగికి మూడు రోజుల ముందు మా ఇంట్లో, మరునాడు మాస్టారింట్లో. ఆరు కిలోలు అనుకుంటున్నాం కాబట్టి ఇంకో ఇద్దరు తక్కువ పడుతున్నారు. మీ విలేకరి ఎవరైనా వస్తానంటే పంపండి. వాచీ తీసేసి, గోళ్ళు కత్తిరించుకుని రమ్మనండి.

ఇట్లు,
ఒక రిటైర్డు కండక్టరు,
హనుమకొండ