గవర్నరు పర్యటనల ఖర్చుపై మన పరిశీలన: 2025–26 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

సర్వసభ్య సమావేశానికి ముందు కార్యదర్శి నివేదిక అందరికీ చేరాలని మన బైలా చెబుతోంది కాబట్టి ఇది రాస్తున్నాను. సంఘం ఆశయాలు మీకు తెలిసినవే. ఆస్తి పన్ను, వీధి దీపాలు, నాలా పూడికతీత పనులు ఎప్పటిలాగే సాగాయి, వాటి జాబితా నోటీసు బోర్డులో ఉంది. ఈ ఏడాది మన సమయాన్ని ఎక్కువగా తీసుకున్నది తెలంగాణ గవర్నరు పర్యటనల ఖర్చు పరిశీలన. నివేదికలో పెద్ద భాగం కూడా దానిదే.

ఒక్క పద్దులో దొరకని ఖర్చు

గవర్నరు ప్రయాణాలు అనగానే అందరూ బడ్జెట్ పుస్తకంలో డిమాండు 2 తెరుస్తారు. గవర్నరు, మంత్రిమండలి పేరు మీద ఉండే పద్దు అది. మేజర్ హెడ్ (ప్రధాన పద్దు) 2012, దాని కింద సబ్ మేజర్ హెడ్ 03, అందులో మైనర్ హెడ్ (ఉపపద్దు) 108 పర్యటన ఖర్చులది. వాహనాలది మైనర్ హెడ్ 110. చాలామంది ఇక్కడే తడబడతారు, ఎందుకంటే ఖర్చు ఏ రకానిదో చెప్పే డీటైల్డ్ హెడ్లలోనూ ఒక 110 ఉంది, అది దేశీయ ప్రయాణ ఖర్చులది. రెండింటినీ కలిపేస్తే లెక్క పాడవుతుంది. విదేశీ ప్రయాణం 120 కింద, పెట్రోలు, డీజిలు 240 కింద చూడాలి. ఇంకో సంగతి: 2025–26 పుస్తకంలో అసలు ఖర్చుగా కనిపించేది 2023–24 లెక్క. పక్క కాలమ్‌లలోవి అంచనాలు, సవరించిన అంచనాలు మాత్రమే. ఇన్ని కోట్లు ఖర్చు చేశారంటూ వాట్సాప్‌లో తిరిగే అంకెల్లో చాలావరకు ఈ అంచనాలే.

ఈ పద్దుపై శాసనసభలో ఓటింగ్ ఉండదు. రాజ్యాంగం 202(3) అధికరణం ప్రకారం గవర్నరు వేతన భత్యాలు, ఆ పదవికి సంబంధించిన మిగతా ఖర్చు రాష్ట్ర సంచిత నిధి మీద నేరుగా పడతాయి. 203(1) ఓటు అక్కర్లేదంది గాని చర్చ వద్దనలేదు. ఆ చర్చ పెట్టమని మన నియోజకవర్గ ఎమ్మెల్యేకు వినతిపత్రం ఇచ్చాం. తీసుకున్నారు, ఫొటో దిగారు.

అసలు చిక్కు వేరే ఉంది. 108 కింద పడేది మొత్తం ఖర్చులో చిన్న ముక్క. హెలికాప్టర్ అద్దెకు తీసుకుంటే ఆ బిల్లు సాధారణ పరిపాలన శాఖ ప్రోటోకాల్ విభాగానికి వెళ్తుంది. హెలిప్యాడ్ చదును, బారికేడ్లు, గెస్ట్ హౌస్‌కు సున్నాలు, రంగులు రోడ్లు, భవనాల శాఖ (ఆర్ అండ్ బీ) డివిజన్ ఖాతాలో పడతాయి. బందోబస్తు సిబ్బంది టీఏ, డీఏ (ప్రయాణ, దినసరి భత్యాలు), ఎస్కార్ట్ వాహనాల డీజిల్ పోలీసు శాఖవి. భోజనాలు, షామియానా కలెక్టరేట్ నుంచి తహసీల్దారు దాకా ఎవరో ఒకరు సర్దుతారు. స్నాతకోత్సవానికి వస్తే ఆతిథ్యమంతా యూనివర్సిటీ నిధుల్లోంచి పోతుంది, గవర్నరు చాన్సలర్ కూడా కదా. ఇన్ని చోట్ల పడ్డ ఖర్చును "గవర్నరు పర్యటన" అనే పేరుతో ఒకచోట కూడే అధికారి ఎవరూ లేరు.

అందుకే కార్యవర్గం ఈ ఏడాది పద్ధతి మార్చింది. ఏడాది లెక్క అడగడం మానేసి, ముగిసిపోయిన ఒక్క పర్యటనను తీసుకుని, తేదీ, స్థలం పేర్కొంటూ దానికి సంబంధించిన కాగితాలు అడగాలని తీర్మానించాం. ఏడాది లెక్క అడిగితే ఒక అంకె ఇచ్చి పంపేస్తారు. ఒక్క పర్యటన అడిగితే బిల్లు చూపించాలి, లేదా బిల్లు లేదని సంతకం పెట్టి చెప్పాలి.

భద్రాచలం పర్యటన ఉదాహరణగా శిబిరం

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోదగ్గది గ్రంథాలయ హాల్లో జరిపిన సమాచార హక్కు శిబిరం. కుర్చీలు చాలక కొందరు మెట్ల మీద కూర్చున్నారు. అభ్యాసానికి అందరికీ తెలిసిన పర్యటననే తీసుకున్నాం. 2022 ఫిబ్రవరిలో మేడారం జాతరకు హెలికాప్టర్ అడిగితే రాలేదని అప్పటి గవర్నరు తమిళిసై రోడ్డు మార్గాన వెళ్లారు. ఏప్రిల్‌లో భద్రాచలం శ్రీరామ పట్టాభిషేకానికి రైల్లో కొత్తగూడెం వరకు వెళ్లి, అక్కడి నుంచి కారులో గుడికి చేరారు. ఆ రోజుల్లో పత్రికలన్నీ ప్రోటోకాల్ గొడవ రాశాయి. ఖర్చు సంగతి ఎవరికీ పట్టలేదు.

శిబిరంలో వేసిన ప్రశ్న ఇది: రైలు చవకా, హెలికాప్టరా? రైలే అని హాలంతా అంది. అప్పుడు ట్రెజరీలో పనిచేసి రిటైరైన మన సభ్యులొకరు బోర్డు మీద గీత గీసి చూపించారు. టికెట్ చవకే. కానీ కొత్తగూడెం స్టేషన్ నుంచి భద్రాచలం దాదాపు 40 కిలోమీటర్లు. అక్కడ కాన్వాయ్ సిద్ధంగా ఉండాలి. వాహనాలను హైదరాబాద్ నుంచి పంపితే ముందు రోజే ఖాళీగా బయల్దేరి, తిరిగి ఖాళీగా రావాలి. ఆ డీజిల్ ఎవరి లాగ్‌బుక్‌లో ఉంది? దారి పొడవునా నిలబడ్డ సిబ్బంది డీఏ ఎవరి పద్దు? హెలికాప్టర్‌లో వెళ్లినా ప్రత్యామ్నాయంగా కార్లు రోడ్డు మీద ఎలాగూ వెళ్తాయి. కాబట్టి ప్రయాణ సాధనం మారితే ఖర్చు తగ్గిందో లేదో ముందే తేల్చలేం. ఏ శాఖ మీద పడిందన్నది మాత్రం కచ్చితంగా మారుతుంది. హెలికాప్టర్ ఇవ్వకపోవడాన్ని పొదుపు అన్నవాళ్లూ, అవమానం అన్నవాళ్లూ ఈ లాగ్‌బుక్కులు అడగలేదు.

అద్దె హెలికాప్టర్ బిల్లు చదవడం మీద మధ్యాహ్నమంతా సాగింది. చూడవలసినవి: బ్లాక్ అవర్స్ (చార్జీ లెక్కకు తీసుకునే ప్రయాణ గంటలు) ఎన్ని వేశారు, హెలికాప్టర్ తన స్థావరం నుంచి ఖాళీగా వచ్చి వెళ్లిన గంటలు విడిగా చూపారా, రోజుకు కనీసం రెండు గంటల చార్జీ అనే షరతు ఉందా, రాత్రి నిలిపితే పార్కింగ్, పైలట్ల బస, చివర్లో జీఎస్టీ. బిల్లులోని గంటలను జర్నీ లాగ్‌తో (ప్రయాణాల నమోదు పుస్తకంతో) సరిపోల్చాలి. ప్రభుత్వ సొంత విమానమైతే అద్దె బిల్లే ఉండదు, "ఖర్చు లేదు" అని జవాబొస్తుంది. అలాంటప్పుడు ఆ రోజు ఇంధనం ఇండెంటు (ఇంధనం కోరిన పత్రం), లాగ్‌బుక్ పేజీ అడగాలి.

దరఖాస్తుల్లో ఎదురైనవి

ఆరు శాఖలకు ఆరు దరఖాస్తులు వేయాలి. ఒకే దరఖాస్తు వేసి, సమాచార హక్కు చట్టం 6(3) సెక్షన్ కింద వాళ్లే మిగతా శాఖలకు పంపుతారని కూర్చుంటే పని కాదు. సమాచారం పలు కార్యాలయాల్లో చెదిరి ఉంటే విడివిడిగా అడగమని దరఖాస్తుదారుకు చెప్పవచ్చని 2008 నాటి కేంద్ర మెమో ఉంది, దాన్ని చూపిస్తారు. ఫీజు మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ఎందుకు, ఎలా అని అడగొద్దు. "ధ్రువీకరించిన నకలు ఇవ్వండి" అని మాత్రమే రాయండి. భద్రతా సిబ్బంది సంఖ్య అడగొద్దు. అడిగితే భద్రత పేరుతో మినహాయింపు ఇచ్చే 8(1)(ఎ), 8(1)(జి) చూపి మొత్తం తిరస్కరిస్తారు. భద్రత భాగం కొట్టేసి మిగతాది ఇమ్మని సెక్షన్ 10ని దరఖాస్తులోనే ప్రస్తావించండి.

ఒక జిల్లా కార్యాలయం షామియానా, కుర్చీల బిల్లుకు కూడా భద్రతా కారణాలు చెప్పింది. కుర్చీల వల్ల దేశ భద్రతకు ముప్పేమిటో మొదటి అప్పీలులో అడిగాం, విచారణ జరగాల్సి ఉంది. మరో కార్యాలయం గడువు ముగిసే ముందు రోజు పేజీల రుసుము కట్టమని ఉత్తరం పంపింది. ఆ ఉత్తరం పంపిన రోజు నుంచి మనం డబ్బు కట్టే రోజు వరకు జవాబుకు చట్టం పెట్టిన 30 రోజుల లెక్కలోకి రాదు, కాబట్టి అదే రోజు కట్టేయండి. 30 రోజులు దాటాక ఇస్తే 7(6) కింద ఉచితంగానే ఇవ్వాలి.

2025 నవంబరు నుంచి వ్యక్తిగత సమాచారానికి మినహాయింపు ఇచ్చే 8(1)(జె) మారింది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చాక వ్యక్తిగత సమాచారం అంటే చాలు, మినహాయింపే. విమానంలో ఎవరెవరు వెళ్లారని అడిగితే ఇప్పుడు పేర్లు నల్లగా కొట్టేసి ఇస్తారు. హోదాలు అడగండి. ప్రజా ప్రయోజనం కోసం వెల్లడించవచ్చన్న 8(2) ఇంకా బతికే ఉంది, దాన్ని రాయడం మరవొద్దు.

రెండో అప్పీళ్ల గురించి చెప్పబోతే నోరు చేదవుతుంది. 2023 ఫిబ్రవరి నుంచి రెండేళ్లకు పైగా మన రాష్ట్ర సమాచార కమిషన్‌లో ఒక్క కమిషనరూ లేరు. 2025 మేలో నియామకాలు జరిగే సరికి పాత అప్పీళ్లు గుట్టగా పడి ఉన్నాయి. మనవీ ఆ గుట్టలోనే ఉన్నాయి.

ఇంకో మాట: రాజ్‌భవన్లను లోక్‌భవన్లు అనాలని కేంద్రం 2025 చివర్లో చెప్పింది. బోర్డులు మారుతున్నాయి, మేజర్ హెడ్ 2012 మాత్రం మారలేదు. చిరునామాలో రెండు పేర్లూ రాయండి, "ఆ పేరుతో కార్యాలయం లేదు" అని కవరు తిరిగి రాకుండా ఉంటుంది.

నియమాలు ఏమంటున్నాయి

గవర్నర్ల వేతనం, భత్యాలు 1982 చట్టం కింద నడుస్తాయి. జీతం నెలకు 3,50,000 రూపాయలు. 2015లో కేంద్ర హోంశాఖ ఇచ్చిన నిబంధనల ప్రకారం గవర్నరు ఏడాదిలో కనీసం 292 రోజులు రాష్ట్రంలో ఉండాలి, రాష్ట్రం దాటాలంటే రాష్ట్రపతి అనుమతి కావాలి. దీనికి ముందు జరిగింది గుర్తుందా? 2014 ఆగస్టులో మిజోరం గవర్నరు కమలా బేనీవాల్‌ను తొలగించారు. గుజరాత్‌లో ఉండగా మూడేళ్లలో 63 విమాన ప్రయాణాలు చేశారనీ, వాటిలో 53 సొంత ఊరు జైపూర్‌కేననీ ఆమెపై ఆరోపణ. ఆ అంకెలు దేశమంతా తెలిసింది ఢిల్లీలో ప్రభుత్వం మారాక. ప్రయాణాలు జరుగుతున్నప్పుడే ఆ బిల్లులు పాసయ్యాయి, ఏటా ఆడిట్ కూడా అయ్యే ఉంటుంది.

మన దగ్గర ఇంకో ముడి ఉంది, ఒకే మనిషికి రెండు చోట్ల బాధ్యతలు. 2014 నుంచి 2019 వరకు నరసింహన్ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ గవర్నరు. తమిళిసై 2021 నుంచి కేంద్రపాలిత ప్రాంతమైన పుదుచ్చేరి బాధ్యత కూడా చూశారు. రెండు రాష్ట్రాలకు ఒకే గవర్నరు ఉంటే వేతన భత్యాలను ఎలా పంచాలో రాష్ట్రపతి ఉత్తర్వు తేలుస్తుందని రాజ్యాంగం 158(3ఎ) చెబుతోంది. పుదుచ్చేరి రాష్ట్రం కాదు. హైదరాబాద్ నుంచి పుదుచ్చేరికి వెళ్లి వచ్చిన టికెట్టు ఎవరి ఖాతా అన్నది బిల్లు చూస్తే గాని తెలియదు. వచ్చే ఏడాది పనిలో ఇది మొదటిది.

అమెరికాలో ఉన్న మన సభ్యులు పంపిన సమాచారం ప్రకారం ఫ్లోరిడాలో 2023లో గవర్నరు ప్రయాణ రికార్డులు ఇవ్వనక్కర్లేదని ఏకంగా చట్టమే చేశారు, అదీ పాత ప్రయాణాలకూ వర్తించేలా. అక్కడి గవర్నరు ఎన్నికైన పాలకుడు, ఇక్కడ నియమితుడు. అయినా రెండు చోట్లా ముందుకొచ్చేది భద్రత అన్న మాటే.

కృతజ్ఞతలు, ఇతర విషయాలు

హాలు ఉచితంగా ఇచ్చిన గ్రంథాలయ సిబ్బందికి, పేజీకి అర్ధరూపాయి తగ్గించిన జిరాక్స్ షాపు యజమానికి, బడ్జెట్ పుస్తకాలు మోసుకొచ్చిన కాలేజీ పిల్లలకు, భోజనాలు చూసుకున్న మహిళా విభాగం సోదరీమణులకు, ట్రెజరీ పాఠం చెప్పిన పెద్దాయనకు పేరుపేరునా ధన్యవాదాలు.

శిబిరం రోజు దరఖాస్తులు వేస్తామని పేర్లు రాసిన సభ్యుల్లో సగానికి పైగా మళ్లీ కనబడలేదు. ఫోన్ చేస్తే "వచ్చే వారం సార్" అంటున్నారు. సంతకాల పుస్తకం నా దగ్గరే ఉంది, సమావేశంలో చదవమంటే చదువుతాను.

జమాఖర్చులను ఆడిటరు పరిశీలించి సంతకం చేశారు, పట్టిక జతపరిచాం. తపాలా, జిరాక్స్ ఖర్చు పెరిగింది. కారణం పైన రాసిందే. కోశాధికారి వివరాలు చదువుతారు.

పోలీసు శాఖ, ఆర్ అండ్ బీ దరఖాస్తుల బాధ్యత తీసుకునేవారు సమావేశంలోనే పేరివ్వాలి. పేరిచ్చేవారు పది రూపాయల పోస్టల్ ఆర్డరు వెంట తెచ్చుకోండి. అది ఎవరి పేరు మీద తీయాలో ఆ కార్యాలయాన్ని ముందే కనుక్కోండి, పేరు తప్పితే దరఖాస్తు వెనక్కి వస్తుంది. చందా బకాయి ఉన్నవారికి ఓటు ఉండదని బైలాలో ఉంది, గుర్తుంచుకోగలరు.

ఇట్లు,
కార్యదర్శి