సుగ్గికి పోయే ఊళ్ల తరఫున కేంద్ర ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక శాఖ మంత్రివర్యులు శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

నమస్కారములు. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో, కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు చుట్టుపక్కల బడుల్లో ముప్పై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పి ఉద్యోగ విరమణ చేసినవాణ్ణి. 2024 జూలై బడ్జెట్ ప్రసంగంలో తమరు రాయలసీమ, ప్రకాశం, ఉత్తరాంధ్ర వెనుకబడిన ప్రాంతాలకు ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలో చెప్పిన మేరకు గ్రాంట్లు ఇస్తామని ప్రకటించారు. ఆ చట్టంలో చెప్పిన మేర ఎంత అన్నదే నా ప్రశ్న, అందుకే ఈ లేఖ.

మా వైపు వలసను సుగ్గి అంటారు. కన్నడంలో ఆ మాటకు కోతల సంబరమని అర్థం. తుంగభద్ర దాటి మా దగ్గరికి వచ్చేసరికి అది ఇంటికి తాళం వేసి గుంటూరు, పల్నాడు వైపు మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి పోవడానికి పేరైంది. దీపావళి దాటేసరికి నా హాజరు పట్టీలో సగం వరుసలు ఖాళీ అయ్యేవి. చంటిపిల్లను చూసుకోవడానికి ఏడో తరగతి ఆడపిల్లను వెంట తీసుకుపోయేవారు. ఉగాదికి తిరిగి వచ్చిన ఆ పిల్ల మళ్లీ బడి మెట్లెక్కడం అరుదు. వీళ్లలో చాలామందికి రెండు మూడు ఎకరాల పొలం ఉంది. లేనిది నీరు. తుంగభద్ర దిగువ కాలువకు 24 టీఎంసీల వాటా, లక్షా యాభై ఒక్క వేల ఎకరాల ఆయకట్టు కాగితం మీద ఉన్నాయి గానీ, చివరి పొలాల దాకా వచ్చే నీటిని నమ్ముకుని నారు పోసే ధైర్యం ఎవరికీ లేదు.

పునర్విభజన చట్టం 46వ సెక్షన్ రాయలసీమకు, ఉత్తర కోస్తాకు ప్రత్యేక అభివృద్ధి ప్యాకేజీలో తగినన్ని ప్రోత్సాహకాలు ఇవ్వాలంటోంది. 2014 ఫిబ్రవరి 20న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ గారు రాజ్యసభలో ఆ ప్యాకేజీ ఒడిశాలోని కోరాపుట్, బొలాంగీర్, కలహండి ప్రణాళిక, బుందేల్‌ఖండ్ ప్యాకేజీల తరహాలో ఉంటుందని మాట ఇచ్చారు. బుందేల్‌ఖండ్‌లోని 13 జిల్లాలకు 2009లో ఆమోదించింది, నడుస్తున్న పథకాల సొమ్ము కూడా కలుపుకొని, 7,266 కోట్ల రూపాయలు. రాయలసీమ నాలుగు, ఉత్తరాంధ్ర మూడు కలిపి మా ఏడు జిల్లాలకు జిల్లాకు 50 కోట్ల చొప్పున ఏడాదికి 350 కోట్లుగా తేల్చారు. మొదటి మూడేళ్లలో 1,050 కోట్లు వచ్చాయి. 2018 ఫిబ్రవరిలో విడుదలైన 350 కోట్లు ఆ నెలలోనే వెనక్కి పోయాయి. సొమ్ము ఖర్చు చేసినట్టు చూపే వినియోగ పత్రాలు అందలేదని ఢిల్లీ, ఎప్పుడో పంపామని అమరావతి వాదించుకున్నాయి. చట్టంలో అంకె, గడువు లేవు కాబట్టి ఏ పక్షాన్నీ తప్పు పట్టడానికి వీలు లేకపోయింది. తగినన్ని అన్న మాటకు యాభై కోట్లూ సరిపోతాయి, సున్నా కూడా సరిపోతుంది.

దీనికి భిన్నమైన చట్టాన్ని మేము చూశాం. మా పొరుగున అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పనులు మొదలయ్యాయి. 2005 నాటి ఆ చట్టంలో 100 రోజులన్న లెక్క ఉండేది, అడిగిన 15 రోజుల్లో పని చూపాలన్న గడువు ఉండేది, చూపకపోతే భృతి ఇవ్వాలన్న షరతు ఉండేది. మా వాళ్లు దానికి కరువు పని అని పేరు పెట్టుకున్నారు. అమలులో లోపాలు కొల్లలు, కూలి డబ్బు నెలల తరబడి రాని రోజులు నాకు తెలుసు. అయినా చదువురాని మనిషి జాబ్ కార్డు పట్టుకుని వంద రోజులు ఎందుకు ఇవ్వలేదని మండలాఫీసులో నిలదీయగలిగాడంటే, అంకె చట్టంలో ఉండబట్టే. 46వ సెక్షన్ పట్టుకుని ఎవరు ఎవరిని నిలదీయగలరు?

పరిశ్రమలకు రాయితీలు ఇచ్చిన సంగతి మరచిపోలేదు. ఆ ఏడు జిల్లాల్లో కొత్త యంత్రాలు పెట్టినవారికి 15 శాతం పెట్టుబడి భత్యం, అదనపు తరుగుదల అనే పన్ను మినహాయింపులు 2020 మార్చి 31 వరకు అమలయ్యాయి. ఆదాయపు పన్ను కట్టే కంపెనీకి అది మేలే. కర్నూలు దగ్గరి ఓర్వకల్లు పారిశ్రామిక కేంద్రమూ రావలసిందే. అయితే కోసిగి నుంచి ఓర్వకల్లు వంద కిలోమీటర్ల పైమాటే, అక్కడి యంత్రం దగ్గర నిలబడటానికి కావలసిన చదువును మా పిల్లలు ఆరో ఏడో తరగతిలోనే మిరప చేలలో వదిలేస్తున్నారు.

అందువల్ల 46వ సెక్షన్‌ను సవరించే బిల్లు తేవాలని కోరుతున్నాను. ఏటా ఇవ్వవలసిన మొత్తం, ధరలతోపాటు అది పెరిగే తీరు, ఎన్నేళ్లు ఇస్తారన్నది షెడ్యూలులో రాయాలి. కొలమానం జిల్లా కాకుండా మండలం కావాలి. ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న విశాఖ జిల్లాకూ కరువుసీమ అనంతపురానికీ అదే యాభై కోట్లు ఇచ్చారు. విశాఖలో పాడేరు మన్యం కూడా ఉందని అనవచ్చు, మండలం లెక్క అడగడానికి అదే కారణం. పైగా 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయ్యాక పాత ఏడు జిల్లాల పటమే మారిపోయింది. ఖర్చు కాని సొమ్ము మురిగిపోకుండా మరుసటి ఏటికి కలవాలి, రెండు ప్రభుత్వాల తగువులో అది వెనక్కి పోకూడదు. ఆ సొమ్ములో మొదటి భాగం కాలువ చివరి భూములకు నీటికి, వలస కుటుంబాల పిల్లల హాస్టళ్లకు కేటాయించాలి. ఏ మండలానికి ఎంత వెళ్లిందో ఏటా పార్లమెంటు ముందు ఉంచాలి. అదే పట్టికను తెలుగులో మా పంచాయతీ గోడ మీద అంటించాలి.

తమరు 2014 నుంచి 2016 వరకు ఆంధ్రప్రదేశ్ తరఫున రాజ్యసభలో కూర్చున్నారు. ఈ సెక్షన్ పూర్వాపరాలు తమకు మరొకరు చెప్పనక్కరలేదు. బిల్లు ముసాయిదాను సభలో పెట్టేముందు మా గ్రామసభలకు పంపండి. అయితే ఆ సభలను దసరాకు ముందే జరపాలి. ఆ తర్వాత పెడితే సంతకం చేయడానికి ఊళ్లో ముసలివాళ్లం తప్ప ఎవరూ ఉండరు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఆదోని డివిజన్, కర్నూలు జిల్లా